యాదక్క శోకం

సాగర్ పుణెల ఒక పాటల స్టూడియోల ఆరేండ్లు వైర్లు చుట్టిండు. అక్కడ విన్న ట్రిప్ హాప్ అనే సంగీతం నెత్తికెక్కించుకొని సొంతూరు సిరోంచకు తిరిగొచ్చి, ఫొటోల దుకాణం వెనక అర్రల పాత కంప్యూటర్ పెట్టుకున్నడు. దెబ్బ తిన్న మనిషి నడిచినట్టు నిదానంగ నడిచే దరువు, దాని మీద చీకటి, గదీ ఆ సంగీతం. ఎనిమిది పాటల ఆల్బం అనుకున్నడు. ఏడు అయినయ్. ఎనిమిదోదానికి గొంతు దొరకలే.

దొరికింది రెండువేల అయిదు ఎండకాలంల, ప్రాణహిత ఒడ్డున. సాగర్ పెద్దవ్వ అని పిలిచే ముసలి యాదక్క కొడుకు అరుణ్‌ను మెడ మీద నరికి ఇసుకల పడేసిండ్రు. ఎవరో అందరికీ ఎరుకే. వెదురు కాంట్రాక్టర్ గోపాల్‌రావు. దొంగ లోడు లారీకి పోరడు అడ్డం నిలబడ్డడు, గంతే.

యాదక్క పీనుగ మీద పడి శోకం పెట్టింది. "గోపాల్‌రావు గొడ్డలికి మెడ ఎట్ల ఇచ్చినవ్ కొడుకా! లేగదూడ లెక్క ఎట్ల ఒరిగినవ్ కొడుకా!"

గోపాల్‌రావు అక్కడనే ఉన్నడు. తల వంచుకొని విన్నడు, చితి మీద ఒక కట్టె పెట్టి పోయిండు. మా ఊళ్లల్ల అదే రివాజు. శోకంల అన్న మాటకు తగాదా లేదు, పంచాయితి లేదు. ఆ మాట పీనుగతోనే కాలిపోవాలె.

కానీ సాగర్ అంగీ జేబుల రికార్డర్ నడుస్తున్నది.

ఆ గొంతును సాగదీసి, కింద డప్పు పెట్టి, "గోపాల్‌రావు గొడ్డలికి" అన్న ముక్కను పదిసార్లు తిప్పిండు. మొదటి సీడీ జీపు నడిపే కిష్టన్నకు ఇచ్చిండు. వారం తిరగకముందే ఆష్టి దాకా తిరిగే జీపులన్నిట్ల అదే పాట. సాగర్ ఉబ్బిపోయిండు. ముసలమ్మను ఒక్కమాట అడగలే.

ఒకనాడు పగటిపూట గోపాల్‌రావు ఇద్దరు మనుషులతోని దుకాణంలకు వచ్చిండు.

"ఏంరా కళాకారుడా, నా పేరు మంచిగ మోగిస్తున్నవ్?"

"సేట్, అది శోకం. శోకంల అన్నది పట్టుకోరు గద."

"కాష్టం కాడ అంటే శోకం. బస్టాండుల మోగితే నా ఇజ్జత్ తీసుడురా, లంగ కొడకా!"

సాగర్ కుడిచేయి గడప మీద పెట్టిచ్చి రోకలితోని కొట్టించిండు. మూడు వేళ్లు నుజ్జునుజ్జయినయ్. కంప్యూటర్‌ను తన్ని తన్ని పలగ్గొట్టిండ్రు.

"ఇగ ముసల్ది మిగిలింది. నోరు దానిదే గద," అనుకుంట గోపాల్‌రావు జీపెక్కిండు.

సాగర్ చేతికి తువ్వాల చుట్టుకొని పొలాలకు అడ్డం పడి ఉరికిండు. ఒరాల గట్ల మీద రెండుసార్లు పడి లేచిండు. "నా పాటకు పెద్దవ్వ పాణం పోతదిరా దేవుడా" అని ఒకటే ఏడుపు.

పోయేసరికి జీపు వాకిట్లనే ఉన్నది. ఇద్దరు మనుషులు మొద్దుల లెక్క నిలబడ్డరు. ముసల్దానికి ఇద్దరెందుకని గోపాల్‌రావు ఒక్కడే లోపలికి పోయిండట. యాదక్క గుడిసె తలుపు పొట్టిది. ఎంతటోడైనా వంగే రావాలె. వంగితే మెడ ముందుకొస్తది. మూడొద్దుల కింద వాకిట్ల నుంచి పోయే జీపుల తన గొంతు తనే విన్నది యాదక్క. వాడు వస్తడని అప్పుడే తెలుసు. అప్పటిసంది కట్టెలు కొట్టే గొడ్డలి తలుపు పక్కనే పెట్టుకున్నది.

ఇరుగు పొరుగు ఉరికొచ్చిండ్రు. నెత్తుటి మడుగుల కూసొని, గోపాల్‌రావు తలకాయ ఒళ్లె పెట్టుకొని యాదక్క శోకం మొదలుపెట్టింది.

"నా గడపల ఎందుకు వంగినవ్ గోపాల్‌రావా! ఒక్క దెబ్బకు పోకపోతివి, మూడు కొట్టిస్తివి గదా నాతోని!"

ఊరంతా తల వంచింది. గోపాల్‌రావు మనుషులు గూడ వంచిండ్రు, వాళ్లు పుట్టింది గూడ ఈ ఊళ్లెనే. పక్కింటి లింగక్క చెంబుల నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

యాదక్క నడుమల ఆపి సాగర్ దిక్కు చూసింది.

"జేబుల ఉన్నదారా?"

సాగర్ ఎడమచేత్తోని రికార్డర్ తీసి గడప మీద పెట్టిండు. యాదక్క గొడ్డలి తిరగేసి దాన్ని తుక్కుతుక్కు చేసింది. కొంగుతోని మూతి తుడుచుకొని, ఆపిన కాడినుంచే మళ్ల ఎత్తుకున్నది.