పొలం ఉన్న బడి

కెజయాకి సీటొచ్చిన సంగతి ఆ వీధిలో అందరికంటే ముందు మంగలి షాపులో తెలిసింది. చెప్పినవాడు ఆ పిల్ల తాత ఓథా గెయిన్స్. ఎనభైకి దగ్గరపడిన మనిషి. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై, షికాగో దక్షిణ భాగంలో తన రెండంతస్తుల ఇంట్లో కింది వాటాలో ఉంటాడు. పై వాటాలో కూతురు వెర్నీటా, ఆమె కూతురు కెజయా.

"మా మనవరాలికి పరీక్ష బళ్లో సీటొచ్చింది" అన్నాడు ఓథా గుమ్మంలోనే నిలబడి.

"నెత్తిన నాలుగు వెంట్రుకలు లేనివాడు క్షవరానికెందుకు వచ్చాడా అనుకున్నాను. ఇదా సంగతి!" అన్నాడు మంగలి క్లియోఫస్. షాపులో అందరూ నవ్వారు, కానీ అందరూ లేచొచ్చి చెయ్యి కలిపారు కూడా. ఊరి ఉత్తరాన ఉన్న ఆ సర్కారు బడిలో సీటంటే మాటలు కాదు. ఊరు ఊరంతా పరీక్ష రాస్తే పదిమందిలో ఒకరికి కూడా దక్కదు. అక్కడ చదివినవాళ్లు డాక్టర్లో జడ్జీలో అయి బయటికొస్తారని పేరు.

ఓథాకి తెలియని సంగతి ఒకటుంది. కెజయాకి ఇంకో బడిలోనూ సీటొచ్చింది. ఊరి నైరుతి కొసన, దుకాణాల వీధికీ ఇళ్లకీ మధ్య నిజంగా మొక్కజొన్న పండించే సర్కారు బడి అది. వ్యవసాయ శాస్త్రం దాని ప్రత్యేకత. అక్కడా సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. రెండింటిలో ఒకటే ఒప్పుకోవాలి. ఒకటి ఒప్పుకున్న క్షణమే రెండోది వేరే పిల్లలకి పోతుంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. వేయించిన చేప, మొక్కజొన్న రొట్టె, ఉడికించిన ఆకుకూర. ఓథా ప్రార్థన చేస్తూ, దేవుడికి పరీక్ష బడి గురించి విడిగా కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. ఆమెన్ అనాల్సిన చోట కెజయా నోరు విప్పింది.

"తాతా, నేనక్కడ చేరట్లేదు."

"మరెక్కడ చేరతావమ్మా, చంద్రుడి మీదా?"

"పొలం బళ్లో."

ఓథా కూతురి వైపు చూశాడు. వెర్నీటా కంచం వైపు చూస్తోంది. ఆమెకి ముందే తెలుసని అతనికి అర్థమైంది.

"ఆవులుంటాయే, అదా?"

"ఆవులూ మేకలూ ఉంటాయి. మట్టిని పరీక్ష చేసే ల్యాబ్ కూడా ఉంది. నాకు కావలసింది అది."

పదమూడేళ్ల పిల్లకి మట్టి పిచ్చి ఎలా పట్టిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మమ్మ ఎర్నెస్టీన్ బతికున్న రోజుల్లో పెరట్లో ఆకుకూర వేసేది. ఒక ఏడు ఆరోగ్య శాఖ వాళ్లు వీధంతా తిరిగి మట్టి తీసుకుపోయి, సీసం ఉంది, ఇందులో పండింది తినొద్దన్నారు. ఎర్నెస్టీన్ ఆ మడిని తన చేతులతోనే పీకేసింది. ఆ వేసవంతా పెరట్లోకి వెళ్లలేదు. కెజయా మాత్రం మట్టి తీసుకెళ్లిన అతన్ని గేటు దాకా వదల్లేదు. సీసం ఎలా వచ్చింది? ఎలా పోతుంది? మొక్కలు లాగేస్తాయా? అతను నాలుగింటికి జవాబు చెప్పి, ఐదోదానికి చేతులెత్తేసి, "అది నువ్వే చదివి చెప్పాలి" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు. పిల్ల మాత్రం నవ్వలేదు.

"చదువుకో. పరీక్ష బళ్లో చదువుకో. అక్కడ మట్టి లేదా?" అన్నాడు ఓథా.

"ఆ చదువు అక్కడ లేదు తాతా."

ఓథా ఫోర్కు కింద పెట్టాడు. అతను కోపంలో గొంతు పెంచే మనిషి కాదు, తగ్గిస్తాడు.

"మిసిసిపీలో పత్తి పగిలే కాలానికి మా బడికి తాళం వేసేవాళ్లు. తెల్లపిల్లల బడికి కాదు, మా నల్లపిల్లల బడికే. పలక పట్టాల్సిన చేతికి గోనెసంచి ఇచ్చేవాళ్లు. ఆరో తరగతి దాటలేదు నేను. పదిహేడో ఏట రైలెక్కినప్పుడు ఒట్టేసుకున్నాను, నా కడుపున పుట్టినవాళ్లెవరూ ఇంకొకడి పొలంలో నడుం వంచకూడదని. వాళ్లు బడి మూసేసి మమ్మల్ని పొలంలోకి తోలారు. ఇప్పుడు నువ్వు పొలాన్ని తీసుకొచ్చి బడిలో పెట్టుకుంటానంటున్నావా?"

వెర్నీటా మంచినీళ్ల గ్లాసు తండ్రి ముందుకి జరిపింది. ఆ తర్వాత అంది: "ఇవాళ ఎవరూ ఏమీ తేల్చక్కర్లేదు. రెండు బళ్లూ చూస్తాం. ముగ్గురం చూస్తాం. ఆ తర్వాతే మాట."

వెర్నీటా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. లోపల ఏముందో చూడకుండా పైపైన మాట చెప్పడం ఆమెకి అలవాటు లేదు. అలాగని ఆమె మనసు తూకం మధ్యలో ఏమీ లేదు, పరీక్ష బడి వైపే మొగ్గింది. ఆ తలుపు ఒకసారి మూసుకుంటే మళ్లీ తెరుచుకోదు. పిల్లకిది ఈడొచ్చే వయసు, రేపు మనసు మారితే?

పరీక్ష బడికి ఓథా సూటు వేసుకుని వచ్చాడు. గాజు గోడలు, ఈత కొలను, గోడ పొడుగునా కాలేజీల జెండాలు. ఓథా ప్రతి జెండా ముందూ ఆగి పేరు చదివాడు. కెజయా కూడా శ్రద్ధగానే చూసింది, లెక్కల టీచరుతో చాలాసేపు మాట్లాడింది.

"ఎలా ఉంది?" అంది వెర్నీటా కారెక్కాక.

"బాగుంది. చాలా బాగుంది" అంది కెజయా.

ఓథా ముందు సీట్లో ఈల వేశాడు.

"అయినా పొలం బడే" అంది కెజయా. ఈల ఆగిపోయింది.

మర్నాడు పొలం బడికి వెళ్తే ఓథా కారు దిగలేదు. తన పాత బ్యూయిక్ కారు అద్దాలన్నీ ఎక్కించుకుని, స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. తల్లీ కూతుళ్లే లోపలికి వెళ్లారు. రబ్బరు బూట్లు వేసుకున్న టీచరమ్మ ఎదురొచ్చింది. వెర్నీటా ఆవుల్ని చూడలేదు. నేరుగా అడిగింది.

"ఇక్కడ చదివినవాళ్లు ఏమయ్యారు? మంచివాళ్లని ఏరి చెప్పకండి."

"కొందరు పశువుల డాక్టర్లయ్యారు. కొందరు తిండి కంపెనీల ల్యాబుల్లో ఉన్నారు. ఇది మాకు పడదని తెలుసుకుని లా చదివినవాళ్లూ ఉన్నారు. మధ్యలో మానేసి వెళ్లినవాళ్లూ ఉన్నారమ్మా" అంది టీచరమ్మ.

"లెక్కలు?"

"నాలుగేళ్లూ తప్పదు. కెమిస్ట్రీ అంతకన్నా తప్పదు. మట్టి చదువంటే సగం అదే."

ఆ జవాబులు వెర్నీటాకి నచ్చాయి. నచ్చినందుకు ఆమెకే కాస్త బెంగ వేసింది.

ఈలోగా కెజయా కారు దగ్గరికి వెళ్లి తలుపు తీసింది.

"తాతా, మీరు పత్తి తీసిన నేల ఎవరిది?"

"వాళ్లది."

"ఏం వెయ్యాలో ఎవరు చెప్పేవాళ్లు?"

"వాళ్లే."

"పండిందాన్ని ఎవరు తూచేవాళ్లు?"

"వాళ్లేనే! ఏంటీ ప్రశ్నలు?"

"ఆ చెప్పేవాళ్లు చదువుకున్న చదువు ఇక్కడుంది తాతా. నాకది కావాలి. నడుం వంచడానికి కాదు."

ఓథా మొక్కజొన్న మోళ్ల వైపు చూశాడు. "తలుపెయ్యి. పేడ వాసన" అన్నాడు.

ఆ వారం మంగలి షాపులో క్లియోఫస్ కత్తెర ఆడిస్తూ అన్నాడు: "ఏరా ఓథా, జడ్జీ కావాల్సిన పిల్ల గొడ్లు కాయడానికి పోతోందటగా?"

"కూతురికి బర్గర్ల కొట్లో కూడా పని ఇప్పించలేకపోయినవాడివి, నా మనవరాలి గురించి నువ్వు మాట్లాడకు" అన్నాడు ఓథా. "ఆ పొలం బళ్లో సీటు దొరకడం ఎంత కష్టమో తెలుసా నీకు?"

షాపులో అందరూ అతన్ని వింతగా చూశారు. తన నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో అతనికీ తెలియలేదు. ఇంటికెళ్లి మాత్రం మళ్లీ పరీక్ష బడి పాటే పాడాడు.

వెర్నీటా కూతురికి ఒక షరతు పెట్టింది. పొలం బడికి రెండు బస్సులు మారాలి, చీకటితోనే లేవాలి. "వసంతం సెలవులు వస్తున్నాయి. ఆ వారమంతా రోజూ బస్సులో ఆ బడి గేటు దాకా వెళ్లి రా. నేను లేపను. ఒక్క రోజు తప్పినా పరీక్ష బడి. ఏమంటావ్?"

"సరే" అంది కెజయా.

"సెలవుల్లో, తాళం వేసిన బడికా!" అన్నాడు ఓథా. "తల్లికి పిచ్చి, పిల్లకి మొండిపట్టు."

మొదటి రోజు కెజయా బస్సు వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తే, వెనకాల తాత బ్యూయిక్ వస్తోంది. బస్సు ఆగినచోటల్లా ఆగుతోంది, కదిలితే కదులుతోంది. ఆమె చూడనట్టే ఊరుకుంది. రెండో రోజూ అంతే. ఇంట్లో ఇద్దరూ ఆ ఊసెత్తలేదు.

మూడో రోజు పొద్దున ఊరి తూర్పున ఉన్న పెద్ద సరస్సు మీంచి మంచువాన మొదలైంది. సగం దారిలో బస్సు చెడిపోయింది. డ్రైవరు అందర్నీ దింపేసి, వెనక బస్సు వచ్చేదాకా ఆగమన్నాడు. నీడ లేదు, గోడ లేదు. కెజయా కోటు టోపీ లాక్కుని నిలబడింది. బ్యూయిక్ వచ్చి పక్కన ఆగి, అద్దం దిగింది.

"ఎక్కు."

"బస్సులో వెళ్లాలని షరతు తాతా."

"మీ అమ్మ ఇక్కడ లేదు. ఎక్కు."

"అమ్మ లేదు. నేనున్నానుగా."

"న్యుమోనియా వస్తే పొలం బడీ ఉండదు, పరీక్ష బడీ ఉండదు!"

"మీరు అద్దం ఎక్కించుకోండి తాతా, మీకు జలుబు చేస్తుంది."

పక్కన నిలబడిన ఆవిడెవరో పకపకా నవ్వింది. ఓథా అద్దం ఎక్కించలేదు, వెళ్లిపోనూ లేదు. కారు లైట్లు మినుకుమినుకుమనేలా పెట్టి, దిగి, డిక్కీలోంచి గొడుగు తీసుకొచ్చి మనవరాలి పక్కన నిలబడ్డాడు. మంచు ఇద్దరి భుజాల మీదా పడుతోంది. అతను గొడుగు ఆమె వైపు వంచాడు. "చలేస్తోందా?" అన్నాడు.

"వేస్తోంది" అంది కెజయా.

"వెనక్కి పోదామా?"

"వద్దు."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. అతను గొడుగు మూసుకుని మళ్లీ కారెక్కి, గేటు దాకా వెనకే వెళ్లాడు.

ఆ సాయంత్రం వెర్నీటా డ్యూటీ నుంచి వచ్చేసరికి ఓథా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఆ పొలం బడికి ఒప్పుకున్నామని కంప్యూటర్లో నొక్కెయ్" అన్నాడు.

"ఇంకా రెండు రోజులున్నాయి నాన్నా."

"ఆ రెండు రోజులూ వెళ్తుంది, నీకనుమానం లేదు, నాకూ లేదు. నాకిష్టమై చెప్తున్నాననుకోకు. నాకిష్టం లేదు. కానీ నేనాపే పిల్ల కాదది. నువ్వాపగలవా?"

"ఆపాలని లేదు నాన్నా" అంది వెర్నీటా. ఆ మాట పైకి అన్నాకే అది నిజమని ఆమెకి తెలిసింది.

షరతు షరతే. మిగిలిన రెండు రోజులూ కెజయా వెళ్లొచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. వెర్నీటా కంప్యూటరు తెరిచి, కూతురి వైపు జరిపింది. "నువ్వే నొక్కు."

కెజయా నొక్కింది. పరీక్ష బడి పేరు తెర మీంచి మాయమైంది. ఓథా లేచి పెరటి కిటికీ దగ్గరికెళ్లి, వీపు తిప్పుకుని నిలబడ్డాడు. ఎవరూ అతన్ని పిలవలేదు.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందని చెప్పడానికి లేదు. మొదటి మూడు నెలలూ కెజయాకి కెమిస్ట్రీ కొరుకుడు పడలేదు. మేకలంటే ఆమెకి అసహ్యమని అక్కడికెళ్లాక తెలిసింది. పరీక్ష బళ్లో చేరిన స్నేహితురాలు కొత్త యూనిఫాంలో ఎదురైన రోజున గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. వెర్నీటా బయట నిలబడి, "ఏడవడం అయ్యాక చెప్పు, కెమిస్ట్రీ తీద్దాం" అంది. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

పొలం బడి మంచి నిర్ణయమని ఓథా ఏనాడూ అనలేదు. కానీ మంచు పడే రోజుల్లో సాయంత్రం పిల్లని తీసుకురావడానికి తనే వెళ్తాడు. ఒకనాడు ఆమె కారెక్కబోతుంటే బూట్లకి బురద చూసి, సీటు ముందు కాళ్ల కింద న్యూస్‌పేపరు పరిచాడు.

"ఇవాళేం చెప్పారు?"

"అడుగున్నర లోతు తవ్వి, ఏ పొరలో ఏముందో చూపించారు."

"ఏముందట?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఓథా కారు మెల్లగా నడిపాడు.