మోకాళ్ల మెత్త

ఆ రోజు పొద్దున్నే నిచ్చెన మోకాళ్ల మీద ఉన్నాడు. మనిషి ఆరడుగుల పైమాటే. అతను పెంచే మొక్కలు చీలమండ దాటవు. తోటి పనివాళ్లు నిచ్చెన అని పేరు పెట్టింది అందుకే. రోజంతా కొండవాలు మీద వంగి ఉంటాడని భార్య పాత బొంత ముక్కలు మడిచి, మోకాళ్ల కింద వేసుకోవడానికి ఒక మెత్త కుట్టింది. "ఇన్నేళ్ల కాపురంలో నా మాటకి ఒక్కసారి వంగలేదు. ఆ గడ్డికి మాత్రం సాష్టాంగపడతావు" అంటూ చేతిలో పెట్టింది.

ఆ రోజుతో అటో ఇటో తేలిపోవాలి. రోడ్డు కోసం తవ్వేసిన ఆ వాలు బోడిగుండులా మిగిలింది. గాలి వీచినప్పుడల్లా రాళ్లు కిందికి దొర్లేవి. మొక్కలు నిలవకపోతే వాలంతా కాంక్రీటు పోసేయమని ఆర్డరు. చూసి తేల్చాల్సిన మేస్త్రీ ఎవరో కాదు, నిచ్చెన సొంత బావమరిది.

మొదట్లో నిచ్చెన మొక్కల్ని గారాబం చేసి చెడగొట్టాడు. గుంటల్లో మెత్తటి మట్టి నింపి, పూటపూటా నీళ్లు పోశాడు. అన్నీ నోటికే అందుతుంటే వేళ్లు లోతుకు ఎందుకు పోతాయి? తొలి పెనుగాలికే మొక్కలన్నీ కాకుల్లా ఎగిరిపోయాయి. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా. ఆ తర్వాత దారి మార్చాడు. ముందు గడ్డి దుబ్బులు నాటాడు. అవి రాళ్లను గట్టిగా పట్టుకున్నాక, ఒక్కో దుబ్బు నడుమ ఒక్కో పొట్టి పొదమొక్కను దూర్చాడు. నీళ్లు బంద్. గాలి దెబ్బ గడ్డి కాసుకుంటుంది. కన్నతల్లి కాకపోతేనేం, పిన్ని ఉందిగా అనేవాడు.

మధ్యాహ్నం మేస్త్రీ టోపీని ఒక చేత్తో అదిమిపట్టుకుని ఎక్కి వచ్చాడు.

"బావా, ముందే చెప్తున్నా. చుట్టరికం చుట్టరికమే, కాంక్రీటు కాంక్రీటే."

"నీకు నచ్చినదాన్ని పట్టుకుని లాగరా. మీ అక్క మొగుణ్ణని మొహమాటపడకు."

మేస్త్రీ ఏరికోరి బక్క మొక్కను పట్టుకున్నాడు. ఒక చేత్తో లాగాడు. కదల్లేదు. రెండో చెయ్యీ వేశాడు. టోపీ లోయలోకి ఎగిరిపోయింది. కాళ్లు తన్నిపెట్టి బలమంతా పెడితే గుప్పెడు ఆకులు చేతికొచ్చి, మనిషి వెల్లకిలా పడ్డాడు. మొక్క ఉన్నచోటే ఉంది.

పడ్డచోటే కూర్చుని ఒళ్లు దులుపుకున్నాడు. "కాంక్రీటు లారీని వెనక్కి పంపిస్తాలే. టోపీ మాత్రం నువ్వే కొనాలి."

నిచ్చెన కడుపు పట్టుకుని నవ్వాడు. ఈ ముక్క మీ అక్కకి నువ్వే చెప్పాలి, నేను చెబితే నమ్మదన్నాడు. కళ్లు తుడుచుకుని, ఒక బండ చాటున ఆనుకుని కాళ్లు బారజాపాడు. పనివేళలో అతను కాళ్లు చాపగా ఎవరూ చూడలేదు. మేస్త్రీ ఫోన్‌లో లారీవాడితో గొడవపడి తిరిగొచ్చేసరికి నిచ్చెన మొహంలో నవ్వు అలాగే ఉంది. ఊపిరి లేదు.

అక్కకి మేస్త్రీ అంతా చెప్పాడు, తను పడ్డ సంగతితో సహా. ఆమె ఏడుస్తూనే అక్కడ మాత్రం నవ్వింది. ఆ ముక్క మళ్లీ చెప్పమంది.

ఇప్పుడు వాలంతా పూతకొచ్చింది. దుబ్బుల మధ్య, గాలికి ఎగరకుండా అతను అంచున పెట్టిన రాయి కింద ఆ మెత్త అలాగే ఉంది, రెండు మోకాళ్ల గుంటలతో. ఒక గుంటలో గడ్డి మొలిచింది.