కలెక్టరు స్నానం

అబ్రహాముగారు బందరు కాలవలో మునిగి లేచిన నాటి నుంచీ ఆ ఇంట్లో అరకొర పనులకి చోటు లేకుండా పోయింది. అంతకు ముందు ఆయనా చిన్నప్పుడు నెత్తి మీద నాలుగు చుక్కలు చిలకరించుకున్న మనిషే. రిటైరయ్యాక ఎవరో బోధకుడు వచ్చి అదసలు బాప్తిస్మమే కాదు పొమ్మని, నిండా మునగాలంటే, తెల్ల పంచె కట్టుకుని కాలవలోకి దిగాడు. దిగినవాడు ఊరికే ఎక్కి వచ్చి ఉంటే హన్నాకి ఏ బాధా లేదు. ఎవరి నమ్మకం వాళ్లది. ఈయన దాన్ని వంటింటి దాకా తెచ్చాడు. టీలో బిస్కెట్టు పూర్తిగా మునగాలి. మునిగి విరిగి అడుక్కి పోతే చెంచాతో తోడుకు తినేవాడు. ఇడ్లీ సాంబార్లో కనపడకూడదు. చొక్కాలు సోడా నీళ్లలో నానీ నానీ మెడ దగ్గర పీలికలైనా సరే, ముంచితేనే మురికి పోతుందని వీధి చివరికి వినపడేలా చెప్పేవాడు.

హన్నా ఆయన తమ్ముడు లాజరు భార్య. అన్నదమ్ములిద్దరిదీ పటమటలో ఒకే ఇల్లు, ఒకే నుయ్యి, ఒకే పొయ్యి. హన్నా అక్కడికి దగ్గర్లోనే ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేది. బావగారి ఎదుట నోరు విప్పేది కాదుగానీ, లోపల మాత్రం ఆయన్ని పూచికపుల్లలా తీసిపారేసేది. తోడికోడలు సంపూర్ణమ్మ అంటే ఇంకా చులకన. మొగుడు వాన కురుస్తోందంటే ఎండలో ఒడియాలు ఎత్తేసే రకం. నోట్లో నాలుక ఉండి కూడా వాడుకోని మనుషుల్ని హన్నా క్షమించేది కాదు. తన మొగుణ్ణి మాత్రం ఆ లెక్కలో వేసుకోలేదు. లాజరు మెత్తని మనిషి, అంతే అనుకునేది.

ఆ ఇంట్లో ఒక తాబేలు ఉండేది, అది హన్నా పుట్టింటిది. వాళ్ల నాన్న మదనపల్లె వైపు ఫారెస్టు ఆఫీసులో పనిచేసేవాడు. ఆ మెట్ట నేలలో దొరికే తాబేలది, వీపు నిండా ముగ్గు గీసినట్టు పసుపు చారలు. పెరట్లో తలెత్తుకుని తనిఖీకి వచ్చినట్టు నడుస్తుందని ఆయన దానికి కలెక్టరని పేరు పెట్టాడు. ఆయన పోయాక అన్నలు ఇల్లూ, పొలమూ, చివరికి ఆయన చేతి గడియారమూ పంచుకుని, చెల్లెలికి తాబేలు ఇచ్చారు. ఇచ్చామని గొప్పగా చెప్పుకున్నారు కూడా. హన్నా దాన్ని బుట్టలో పెట్టుకుని రైల్లో ఒళ్లోంచి దించకుండా తెచ్చుకుంది. ఆమెకి తండ్రి అంటూ మిగిలింది అదే.

దాని స్నానం ఎలాగో ఆమె తండ్రి దగ్గరే నేర్చుకుంది. వేసవిలో వారానికి రెండుసార్లు, చలికాలంలో ఒకసారి. బేసిన్లో గోరువెచ్చని నీళ్లు, తల ఎత్తకుండానే ముక్కు బయట ఉండేంత. కాఫీ తాగి గ్లాసు కడిగి బోర్లించేంతసేపు ఉంచడం, తీసి పాత తువ్వాలుతో తుడిచి పొడినేల మీద వదలడం. ఆ కాసేపట్లోనే అది కడుపు నిండా తాగేది, నీళ్లు పాడుచేసేది, బయటికొచ్చి హాయిగా నడిచేది. ఒకసారి లాజరు మోజుపడి తనే నీళ్లు పోశాడు. పొయ్యడమూ ఎక్కువే పోశాడు. కాళ్లు అడుగుకి అందక తాబేలు తన్నుకోవడం మొదలుపెట్టింది. హన్నా ఒక్క ఉదుటున దాన్ని పైకి తీసి, ఇది నీటి తాబేలు కాదని, దీనికి ఈత రాదని, కాసేపు కొట్టుకుని మునిగిపోతుందని అతనికి విడమరిచి చెప్పింది. లాజరు చాలా బాధపడ్డాడు. తర్వాత ఎప్పుడూ పొరపాటు చెయ్యలేదు.

ఈ బేసిను స్నానం చూసినప్పుడల్లా అబ్రహాముగారికి నవ్వు. పుట్టి బుద్ధెరిగాక ఆయన చూసిన తాబేళ్లన్నీ కాలవల్లోనివీ చెరువుల్లోనివీ. తాబేలన్నాక నీళ్లలో బతికేదే, దాన్ని తీసుకొచ్చి చెంచాడు నీళ్లలో కూర్చోబెట్టడం చేపకి గొడుగు పట్టినట్టుందని వచ్చిన వాళ్లందరికీ చెప్పేవాడు. నీళ్ల పక్కన పుట్టిన మనిషికి నీళ్లు లేని ఊళ్లో కూడా ప్రాణులు ఉంటాయని తోచదు. చెవిటివాడి ముందు శంఖం ఊది తన ఊపిరి పాడుచేసుకోవడం దేనికనుకుంది హన్నా.

జై ఆంధ్ర గొడవలు సద్దుమణిగిన మరుసటి వేసవి, పదో తరగతి పేపర్లు దిద్దడానికి హన్నాని రాజమండ్రి వెయ్యడంతో ఆమె వెళ్లాల్సొచ్చింది. కలెక్టరు సంగతి బావగారికి చెప్పలేదు, ఆయనకి చెప్పేదేమిటని. సంపూర్ణమ్మకీ చెప్పలేదు, ఆవిడకి చెప్పినా రుబ్బురోలుకి చెప్పినా ఒకటేనని. లాజరుకి చెప్పింది. మీకు తెలుసుగా అంది. నాకు తెలీదా, నువ్వు నిశ్చింతగా వెళ్లు అన్నాడు. ఆమె నిశ్చింతగానే వెళ్లింది.

తిరిగొచ్చేసరికి బేసిను గోడకి బోర్లించి ఉంది, దాని మీద దుమ్ము ఉంది. వరండాలో మంచం కింద, గాబు వెనక, వంటింటి మూల, ఎక్కడా కలెక్టరు లేడు. సంపూర్ణమ్మ ఆమె చేతిలో సంచీ కూడా అందుకోకుండా, నేల చూపులు చూస్తూ జరిగిందంతా చెప్పింది.

వెళ్లిన వారం ఆదివారం నాడట. కోడికూరతో భోజనమయ్యాక అబ్రహాముగారు నడుం వాల్చబోతూ మంచం కింద తాబేలు కదలకుండా ఉండడం చూశాడు. ఎండవేళ అది ముడుచుకుని పడుకోవడం మామూలే. ఆయన మాత్రం నీళ్లు లేక సొమ్మసిల్లిందని తీర్మానించి, నూతి దగ్గర సిమెంటు తొట్టిలో అంచుల దాకా నీళ్లు తోడి పోయించి, లాజరు చేతే దాన్ని అందులో వేయించాడు. హన్నా కొంచెం నీళ్లే పొయ్యమందని లాజరు ఒక్క ముక్క అన్నాడట. కొంచెం నీళ్లతో ఏ మేలూ జరగదని, తాను నిద్ర లేచేదాకా దాన్ని ఎవరూ కదపొద్దని చెప్పి ఆయన వెళ్లి పడుకున్నాడు.

సంపూర్ణమ్మ అంట్లు తోముకోవడానికి నూతి దగ్గరికొచ్చేసరికి అది మెడ చాచుకుని తొట్టి గోడని గీరుతోంది. పాచికి కాళ్లు జారి వెనక్కి పోతోంది, మళ్లీ వస్తోంది. లాజరు అక్కడే పీట మీద కూర్చుని ఉన్నాడు.

“తీసేద్దాం లాజరూ, దానికి ఊపిరాడట్లేదు,” అందట ఆవిడ.

“అన్నయ్య లేచాక అడుగుదాంలే వదినా.”

ఆవిడకి ఉండబట్టక లోపలికెళ్లి మొగుణ్ణి లేపింది. ఆ ఇంట్లో ఆయన నిద్ర చెడగొట్టిన మనిషి అంతవరకూ లేదు. ఆయన నానా మాటలూ అని అటు తిరిగి పడుకున్నాడు. ఆవిడ మళ్లీ నూతి దగ్గరికొచ్చేసరికి గీరే చప్పుడు లేదు. లాజరు పీట మీదే ఉన్నాడు. తొట్టిలోకి చూడకుండా జామచెట్టు వైపు చూస్తున్నాడు.

చెబుతూ సంపూర్ణమ్మ ఏడ్చింది. “నేనే చెయ్యి పెట్టి తియ్యాల్సింది హన్నమ్మా. భయపడ్డాను,” అంది. హన్నా ఇన్నేళ్లలో మొదటిసారి ఆవిడ మొహంలోకి నిదానంగా చూసింది. ఆ భయంతోనే ఆవిడ మొగుడి మంచం దాకా వెళ్లొచ్చింది. ఆ మాత్రం అడుగు వెయ్యగలదని తాను కలలో కూడా అనుకోలేదు. సిగ్గేసింది.

ఈలోగా అబ్రహాముగారు వచ్చాడు. దానికి వయసు మీరిందన్నాడు, ఆయుష్షు మన చేతిలో లేదన్నాడు, పెరట్లో పాతిపెట్టేటప్పుడు తాను స్వయంగా ప్రార్థన చేశానన్నాడు. ఏమైనా శుభ్రంగా స్నానం చేసి పోయింది కదమ్మా అని కూడా అన్నాడు. హన్నాకి ఒళ్లు మండాల్సింది, మండలేదు. ఇన్నాళ్లూ ఆయన మీద అంత కోపం ఎలా పెట్టుకోగలిగానా అనిపించింది. పశువు పొలంలో పడితే పశువుని తిట్టి ఏం లాభం, కట్టు విప్పిన వాణ్ణి అడగాలిగానీ.

లాజరు పెరట్లో ఉన్నాడు. మునగచెట్టు మొదట్లో కొత్తగా తవ్విన మట్టి మీద ఇటుక ముక్కలు చుట్టూ పేర్చి ఉన్నాయి, అందంగా, ఓపిగ్గా. అతనే పేర్చినట్టుంది. హన్నాని చూడగానే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నిజమైన కన్నీళ్లే. అదే ఆమెకి మరీ వెగటు పుట్టించింది.

“అన్నయ్యని ఏమీ అనకు హన్నా,” అన్నాడు. “పాపం, ఆయనకి తెలీదు. నీళ్లలో బతికేదనుకున్నాడు.”

“ఆయనకి తెలీదు,” అంది హన్నా. “మీకు తెలుసు.”

అన్నయ్య పెద్దవాడు, కదపొద్దని చెప్పి పడుకున్నాక తానేం చెయ్యగలడని లాజరు గొణిగాడు. హన్నా వినలేదు. తండ్రి ఆఖరి గుర్తు ఆ ఇటుకల మధ్య ఉంది, దాని ప్రాణం పోతుంటే చూస్తూ కూర్చున్న మనిషి తన ఎదుట ఉన్నాడు. పెళ్లైన నాటి నుంచీ బావగారి మీదా తోడికోడలి మీదా తాను ఖర్చుపెట్టిన అసహ్యమంతా దండగని ఆమెకి అప్పుడు అర్థమైంది. దానికి అసలు హక్కుదారు రోజూ తన పక్కనే పడుకుంటున్నాడు.

ఆ రోజు నుంచీ ఆమె తన పక్క తీసుకెళ్లి వంటింట్లో పరుచుకుంది. ఎందుకని లాజరు అడగలేదు.