బోర్డులో ఉండిపోయిన నంబరు

ఆఫీసు లాప్‌టాప్ మీద చాయ్ ఒలికితే ఆఫీసుకే చెప్పాలని ప్రసన్నలక్ష్మికి తెలియక కాదు. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం, ఇంకా పర్మనెంట్ కాలేదు. ఈ సమయంలో నిర్లక్ష్యమన్న మాట పడితే ఉన్నదీ ఊడుతుందని భయం. పైగా ఎల్‌బీ నగర్‌లో సొంత మేనమామ కోదండానికి కంప్యూటర్ రిపేరు షాపు ఉండగా పరాయివాళ్లతో చెప్పుకోవడమేమిటి? దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి నేరుగా మామ దగ్గరికి వెళ్లింది.

మామ ఘటికుడే. ఒక పాత లాప్‌టాప్‌లోంచి మదర్‌బోర్డు ఊడదీసి ఇందులో వేస్తే, చచ్చిందనుకున్నది లేచి కూర్చుంది. మేనకోడలి దగ్గర కూలి తీసుకుంటే కళ్లు పోతాయన్నాడు. ఊరికే చేయించుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు.

"గా చాయ్ పడ్డ పాత బోర్డన్న ఉంచుకో మామా," అని బలవంతంగా అతని చేతిలో పెట్టి వచ్చింది.

రెండు రోజులకు ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే వంశీకృష్ణ ఫోన్ చేశాడు.

"మేడం, మీ లాప్‌టాప్ సీరియల్ నంబరు వేరేది చూపిస్తోందండీ."

ఆమె లాప్‌టాప్ తిరగేసి అడుగున ఉన్న స్టిక్కర్ చదివి వినిపించింది. ఒక్క అంకె కూడా తేడా లేదు.

"స్టిక్కర్‌దేముందండీ! అసలు నంబరు మదర్‌బోర్డు మీది చిప్పులో రాసుంటుంది. ఎక్కడ ఆన్ చేసినా మాకు కనబడేది అదే. బోర్డు గానీ మార్పించారా?"

మళ్లీ చేస్తానని ఆమె ఫోన్ పెట్టేసి, పాత బోర్డు తిరిగి అడుగుదామని లాప్‌టాప్ పట్టుకుని ఎల్‌బీ నగర్‌కు పరుగెత్తింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే మరి.

"పాతదా? చాయ్ మరకలు కడిగి రిపేరు చేస్తే మంచిగ లేచింది బిడ్డా! తుర్కయంజాల్ గిరాకీ లాప్‌టాప్‌ల ఏసిచ్చిన," అన్నాడు మామ సంబరంగా. "ఏంది, గట్ల పరేషానైతున్నవ్?"

ఆమె నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది.

"మీ నంబరు లాప్‌టాప్ ఇప్పుడే తుర్కయంజాల్‌లో ఆన్ అయింది," అన్నాడు వంశీకృష్ణ. మాటలో ఇప్పుడు 'అండీ' లేదు. "ఎవరికో అమ్మేశారా?"

"అమ్మలే సార్, నా ఒళ్లనే ఉన్నది..." అంది. తన మాట తనకే అబద్ధంలా వినిపించి ఏడుపొచ్చేసింది.

మేనకోడలు కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆ మామ ఊరుకుంటాడా? ఫోన్ లాక్కున్నాడు.

"సార్, మా పిల్లను ఏమనుకుంటున్నరు? అమ్ముడేంది సార్! నేను కూలి తీసుకుంటలేనని, గా బోర్డు తనే నా చేతుల పెట్టింది. గంత మంచి మనసు సార్ మా పిల్లది!"

వద్దని ఆమె చేతులు ఊపుతూనే ఉంది. మామ ఆమె వైపు చూడకుండా ఇంకా మెచ్చుకుంటూనే ఉన్నాడు.