గడప అవతల సీసా

ఆవు ఈనే నెల వచ్చిందంటే చెన్నకేశవ ముందు కొట్టం సర్దేవాడు. కొడవలి చూరులోకి ఎక్కేది, యూరియా సంచి గదిలోకి పోయేది, నేలమీద ప్లాస్టిక్ కవరు ముక్క కూడా మిగిలేది కాదు. అట్లాంటి మనిషి, మనవరాలి కోసం ఇల్లు కాస్త సర్దమని కోడలు అడిగితే మాత్రం ముఖం ముడుచుకున్నాడు. కొడుకు రఘు ఈ ఇంట్లోనే కదా పెరిగింది, వాడికేమైందని ఆయన లెక్క.

కోడలు పవిత్రకూ, కొడుకు రఘునాథ్‌కూ హోసూరులో ఉద్యోగాలు. ఆమె సెలవు అయిపోవచ్చింది. పాకడం మొదలుపెట్టిన బిడ్డ కావ్యశ్రీని సూళగిరి పక్కన ఈ పల్లెలో అవ్వాతాతల దగ్గర వదలాలా, హోసూరులోనే పిల్లల్ని చూసుకునే చోట చేర్చాలా అన్నది తేలాలి. ఆదివారం వచ్చి ఇల్లు చూసి చెబుతానని పవిత్ర మెత్తగానే అనింది. ఆ చూసి చెప్పడమే పెద్దాయనకు ముల్లులా గుచ్చుకుంది.

"దూడకు చేసినంత నా మనవరాలికి చెయ్యలేవా?" అని భార్య అంజనమ్మ ఒక్క మాట అనింది. మరునాడు తెల్లారేసరికి ఆయన పంచె ఎగ్గట్టి, నాలుగు కాళ్ల మీద నట్టింట్లో ఉన్నాడు.

బిడ్డ ఎత్తునుంచి చూస్తే అది తనకు తెలిసిన ఇల్లే కాదు. మంచం కింద తుప్పు మేకు, టీవీ వెనక వేలాడే వైరు, పొయ్యి గట్టు మీంచి కిందికి జారిన మసిగుడ్డ కొస. లాగితే గిన్నె నెత్తిమీదికే. ఆయన మోకాళ్లు దోక్కుపోయేలా పాకుతుంటే అంజనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, అరటిపండు కావాల్నా బుజ్జీ అని అడిగింది.

టమోటా మందులన్నీ మోటారు రూములోకి చేర్చి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. గడపకు అడ్డంగా చెక్క పలక పెట్టినాడు. ఇంక ఎవరేం చూసుకున్నా చూసుకోనీ అనుకున్నాడు.

ఆదివారం పవిత్ర గదిగదీ చూసింది. గడపకు పసుపు పూద్దామని అంజనమ్మ పలక తీసింది. తీసిందే తడవు, కావ్యశ్రీ గడప పట్టుకుని, పొట్ట ఈడ్చుకుని, అవతలికి దొర్లింది. ఎవరి సాయమూ లేకుండా మొదటిసారి. ఆ ఇంట్లో బిడ్డ తానుగా గడప దాటితే బెల్లం కొబ్బరి పంచాలి. అంజనమ్మ కొబ్బరికాయ కోసం లోపలికి పరుగెత్తింది, రఘునాథ్ ఫోను తీసినాడు.

చెన్నకేశవ చూపు మాత్రం బిడ్డకంటే ముందు పోయింది. తిన్నె పక్కన నేలమీద కూల్‌డ్రింక్ సీసా ఉంది, సగం దాకా నారింజ రంగు. బిడ్డ దానిమీద చెయ్యి వేసింది. ఆయన ఒక్క అంగలో వంగి లాక్కున్నాడు.

రఘునాథ్ నవ్వినాడు. "ఏం నాయనా, దానికి కూల్‌డ్రింక్ దాచిపెట్టినావా?"

అవునంటే అంతటితో పోయేది. చెన్నకేశవ కోడలి ముఖం చూసినాడు.

"కూల్‌డ్రింక్ కాదమ్మా. టమోటాకు కొట్టే మందు. పక్కచేను గంగప్ప చేబదులు తీసుకుంటే నేనే ఇట్లాంటి సీసాలో పోసిచ్చినాను. వాడు కూడా ఇట్లే తిరిగి తెచ్చి పెట్టిపోయినాడు."

ఆ ఊళ్లో అందరూ చేసే పనే అది. డబ్బా విప్పినాక మిగిలింది పాడవుతుందని, చేతికి దొరికిన సీసాలో పోసి ఇచ్చి పుచ్చుకుంటారు.

పవిత్ర బిడ్డను ఎత్తుకుని కొళాయి దగ్గరికి పోయింది. సబ్బుతో ఆ చిన్న చేతులు కడిగింది, మళ్లీ కడిగింది. చెన్నకేశవ సీసాను మోటారు రూములో పెట్టి తాళం వేసి, అట్లే గంగప్ప ఇంటికి పోయి, ఇంక మందు ఇచ్చినా తెచ్చినా డబ్బాతోనే, అదీ మోటారు రూము దగ్గరేనని చెప్పి వచ్చినాడు. ఈపాటికి బిడ్డను తీసుకుపోవడానికి బ్యాగు సర్దేసి ఉంటారనుకున్నాడు.

పవిత్ర తిన్నె మీద కూర్చుని ఉంది. బిడ్డ ఒళ్లో నిద్రపోతోంది. తాళంచెవి అడిగింది. ఆయన మొలతాడు విప్పి ఇచ్చినాడు. బిడ్డను రఘునాథ్‌కు ఇచ్చి, ఆమె పోయి మోటారు రూము చూసి, తాళం లాగి చూసి వచ్చి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది.

"మీరు చెప్పకుంటే నాకు తెలిసేదే కాదు మామా," అనింది. తర్వాత లోపలికి తిరిగి, "అత్తా, దీనికి పెట్టే రాగి సరిలో ఉప్పు వెయ్యొద్దు. నిద్ర వస్తే చెవి పట్టుకుంటాది, అప్పుడు ఎత్తుకుంటే చాలు."

అంజనమ్మ తల ఊపుతూనే ఉంది. చెన్నకేశవ ఎవరికీ ముఖం చూపించకుండా పలకను గడపకు బిగిస్తూ కూర్చున్నాడు. బిగించినాక, బెల్లం కొబ్బరి గంగప్ప ఇంటికి కూడా పంపమన్నాడు.

"గిన్నె తిరిగిచ్చేటప్పుడు మాత్రం నా చేతికే ఇయ్యమను."