ఎనిమిదో పొర

టైలరమ్మ ఎవరి మాటనూ కొలవకుండా నమ్మదు. "నా నడుం ముప్పై రెండే, ఒట్టు" అనే మనిషి మాట వింటూనే టేపు తీసి చుట్టేస్తుంది. ఒట్టుకూ టేపుకూ మధ్య మూడంగుళాల తేడా ఉంటుందన్నది ముప్పై ఏళ్ల అనుభవం మీద ఆమె తేల్చిన సంగతి. అందుకే ఆ ఆదివారం పొద్దున్నే తమ్ముడు ఒక పాత ఒవెన్ మోసుకొచ్చి ఆమె కుట్టుగదిలో దించి, "నన్ను నమ్ము అక్కా" అనగానే ఆమెకు అనుమానం మొదలైంది.

వ్యవహారమంతా ఆమె భర్త కుడికాలి బొటనవేలిది. ఆయన పోస్ట్‌మాన్. ఇరవై ఆరేళ్లు వీధులు నడిచీ నడిచీ ఆ వేలి కీలు అరిగిపోయింది. వంగినప్పుడల్లా ప్రాణం పోయి వస్తోంది. సోమవారం పై అధికారి ఆయన వెంట నడిచి చూస్తానన్నాడు. కుంటకుండా తన వీధుల బీటు పూర్తిచేస్తే సరేసరి, లేదంటే ఇకమీదట బల్ల ముందు కూర్చుని ముద్రలు కొట్టుకోవలసిందే. "నన్ను కూర్చోబెడితే మూడు నెలల్లో కుండీలో మొక్కనైపోతాను" అని ఆయన మొర. వేలు వంగకుండా బూటులో గట్టి పలక వేసుకోమన్నాడు డాక్టరు. ఇనప పలక వేసి చూస్తే గుర్రం నడిచినట్టే ఉంది.

తమ్ముడు ఇంజను లేని గ్లైడర్ విమానాల రెక్కలు బాగుచేసే వర్క్‌షాపులో పనివాడు. యజమానిని అడిగి ఒక ప్రిప్రెగ్ ముక్క తెచ్చాడు: జిగురు ముందే పట్టించిన నల్లటి కార్బన్ గుడ్డ. ఫ్రీజర్‌లో దాచి, వేడిచేసి గట్టిపరచవలసిన సరుకు; గట్టిపడితే ఇనుమంత బిగువు, బరువు మాత్రం ఉండదు. ఉన్నది ఒక్క పాదానికి సరిగ్గా సరిపోతుంది, రెండో అవకాశం లేదు.

అంచేత కత్తెర అక్క చేతికొచ్చింది. కొన్ని ముక్కలు నిలువుగా, కొన్ని ఏటవాలుగా ఎందుకు కత్తిరించాలో తమ్ముడు ఉపన్యాసం అందుకోబోతే, "క్రాస్ కటింగేగా?" అంది. ఉపన్యాసం అక్కడే ఆగిపోయింది. పాదం ఆకారంలో ఎనిమిది ముక్కలు. ఒక్కోదానికి ఒకవైపు కాగితం, మరోవైపు పల్చటి ప్లాస్టిక్ పొర. తమ్ముడు పొరల మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసి, రెండువైపులా ఒలుస్తూ పాదం అచ్చు మీద ఒకదానిమీదొకటి పేర్చి, సంచిలో పెట్టి, పంపుతో గాలి లాగేసి, మొత్తాన్ని ఒవెన్‌లోకి తోశాడు.

ఒవెన్ ముందు కుర్చీ వేసుకున్న పోస్ట్‌మాన్ థర్మామీటరు చదవడమే ఉద్యోగంగా పెట్టుకున్నాడు.

"నలభై ఎనిమిది... యాభై..."

"రేడియో వార్తలు చదివినట్టు చదవకు బావా. నిమిషానికి రెండు డిగ్రీలు, అంతే."

టైలరమ్మ చెత్త ఎత్తుతూ అలవాటు చొప్పున లెక్కపెట్టింది. కాగితాలు ఎనిమిది. పొరలు ఏడు. మళ్లీ లెక్కపెట్టింది. రెండు నుంచి ఎనిమిది దాకా ఉన్నాయి; ఒకటి లేదు.

"ఏరా, ఒకటో నంబరు పొర ఏదీ?"

తమ్ముడి మొహంలో రంగు మారింది. పొర లోపలే ఉండిపోతే అక్కడ జిగురు అతుక్కోదు. నాలుగు అడుగులు వేసేసరికి పలక రెండుగా చీలుతుంది.

"తీశానక్కా, ఒట్టు!"

"ఒట్లు నడుం కొలతలకి వేస్తార్రా. పొర చూపించు."

"యాభై ఆరు," అన్నాడు పోస్ట్‌మాన్, ఈసారి చిన్నగా.

ఎనభై దాటేలోగా అయితే బయటికి తీసి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, కత్తితో విడదీసుకోవచ్చునన్నాడు తమ్ముడు. కానీ పొర లోపల లేకపోతే బంగారంలాంటి పలకను చేజేతులా పాడుచేసినట్టే. ఎనభై దాటాక ఇక రాయే.

"అంటే పన్నెండు నిమిషాలు," అంది ఆమె. "వెతకండి."

తమ్ముడి జేబులు, చొక్కా వెనక, చెప్పుల అడుగు వెతికించింది. భర్తను కుర్చీలోంచి లేపి కుర్చీని తిరగేసింది. చెత్తబుట్టను నేలమీద గుమ్మరించి గుడ్డపేలికలు ఒక్కొక్కటే దులిపింది.

"నేను ముట్టుకోలేదే!"

"ముట్టుకోలేదని మీరంటున్నారు. చొక్కా విప్పండి."

"డెబ్బై రెండు... ఇదేం సోదానే, పెళ్లయిన ముప్పై ఏళ్లకి!"

డెబ్బై ఆరు దగ్గర తమ్ముడి చెయ్యి ఒవెన్ స్విచ్ మీదికి వెళ్లింది. పోస్ట్‌మాన్ మాత్రం చొక్కా చేతపట్టుకుని గోడకేసి చూస్తున్నాడు. అంకె ఎక్కడ కనిపించినా చదవకుండా ఉండలేని కళ్లు ఆయనవి. మేకుకు వేలాడుతున్న కొలత కాగితాల్లో చేతులున్నాయి, మెడలున్నాయి, కాలర్లున్నాయి. వాటి మధ్య ఒక పాదం.

"ఒకటో నంబరు ఇంటివారు ఇక్కడ కాపురముంటున్నారు," అన్నాడు.

టైలరమ్మ పొరను కిందికి దించి అంకె చూసింది, మిగతా ఏడింటి మీద పరిచి అంచులు సరిచూసింది. చక్కటి ఆకారం, పారదర్శకం. ఇంకోసారి పనికొస్తుందని ఇందాక పరధ్యానంగా ఆమె చెయ్యే దాన్ని మేకుకు తగిలించింది. గదిలో ఉన్న ముగ్గుర్లో సోదా చెయ్యనిది ఒక్కరినే.

"ఎనభై రెండు," అన్నాడు భర్త, చొక్కా తొడుక్కుంటూ. "ఇంకెవరినైనా విప్పమంటావా?"

"నోర్మూసుకుని అంకెలు చదవండి," అందామె. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

నూట ఇరవై దగ్గర గంటసేపు నిలిపి, నిదానంగా చల్లార్చి తీస్తే నల్లగా నిగనిగలాడే పలక వచ్చింది. ఆమె నాణెంతో అంగుళం అంగుళం తట్టి చూసింది. ఎక్కడా బోలు మోత లేదు. అప్పుడు గానీ బూటులో పెట్టనివ్వలేదు.

సోమవారం మధ్యాహ్నం ఆమె మిషన్ ఆపి వీధి మెట్ల వైపు చెవి పెట్టింది. రోజూ ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు భయంగా పడేది. ఈసారి ఏది కుడో ఏది ఎడమో తేల్చుకోలేకపోయింది.

"ఏమన్నాడు మీ అధికారి?"

"సగం దారిలో ఎడమకాలు పట్టుకుని వెనకబడ్డాడు పాపం. నేనే అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాను. బీటు నాదేనని అక్కడే రాసిచ్చాడు." సంచిలోంచి ఒక కవరు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నీకు. స్వయంగా అందజేయమన్నాడు."

కవర్లో ఒక కాగితం. దాని మీద పెన్సిలుతో చుట్టూ గీసిన పెద్ద ఎడమపాదం.

టైలరమ్మ టేపు తీసి దాని మీద పరిచింది. పొడవు చూసింది, వెడల్పు చూసింది, కనుబొమలు ముడిచింది.

"ఇది నిలబడి గీసుకున్నాడా, కూర్చుని గీసుకున్నాడా?"

"కూర్చునే."

"అయితే చెల్లదు. బరువు పడందే పాదం నిజం చెప్పదు. రేపు మనిషినే తీసుకురండి."