పురుగులింటి క్యాలెండరు

లేదు, నెలకి మూడు రోజులేనని నేను నోటితో ఎప్పుడూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పకుండా ఉండటం కూడా అబద్ధం కిందికే వస్తుందా అని, పొద్దున్నే పట్టుపురుగుల తట్టల్లో మల్బరీ ఆకు పరుస్తూ అదే ఆలోచన. ఈ పూట మేత వేసేసి ఎనిమిదిన్నర బస్సుకి కోలారు ఆసుపత్రికి పోవాలి. నా గర్భసంచి ఏ రోజు తీస్తారో అడిగి రావడానికి. రోజు ఖాయం చేయాల్సింది డాక్టరు కాదు, ఈ పురుగులు. ఇవి గూళ్ళు కట్టేసినాక, మళ్ళీ కొత్త పురుగులు వచ్చేలోపల దొరికే వారం రోజుల్లో నా ఆపరేషను అయిపోవాలని మా ఆయన మునిశంకర్ ముందే లెక్క వేసి పెట్టాడు.

పట్టుపురుగు పెరిగే పాతిక రోజుల్లో నాలుగుసార్లు పాత చర్మం వదులుతుంది. ఆ ఒక రోజు అది మేయదు, కదలదు, తల పైకెత్తుకుని ఉండిపోతుంది. మా బైరకూరు వైపు దాన్ని జ్వరం అంటారు. అప్పుడు ఆకు వేయకూడదు, తట్ట కదపకూడదు. మా అత్త పిల్లమ్మ టీవీ సౌండు కూడా తగ్గించేస్తుంది. "గమ్మునుండండి, జ్వరానికి కూకోనుండాయి" అంటుంది. నాకు ఎన్నిసార్లు ఈర్ష్య కలిగిందో. ఒంట్లో ఏదో మారుతోందని ఇల్లంతా గొంతు తగ్గించుకోవడం, ఆ ఒక్క రోజూ దాన్ని ఏమీ అడక్కపోవడం.

పోయిన నెల నేను ఈ పురుగులింట్లోనే కళ్ళు తిరిగి పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి మా అత్త గొంతు వినిపించింది. "తట్ట మింద పడలేదు కదా?" ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ తర్వాత నా అరిచేతులు రుద్దింది, రాగి గంజి కాచి తాగించింది. కానీ మొదట నోట్లోంచి వచ్చిన మాట అది. మనిషి ఆలోచించుకునేలోపల వచ్చే మాటలోనే మన స్థానం ఎక్కడో తెలిసిపోతుంది. నాకు ఆ రోజు తెలిసింది. ఆశ్చర్యం మాత్రం కలగలేదు. ఎందుకంటే, తట్ట మీద పడలేదు కదా అని నేనూ లోపల అదే అనుకున్నాను.

ములబాగిలు నర్సింగ్ హోములో స్కానింగు తీసి, చిన్న గడ్డ ఉంది, గర్భసంచి తీసేయండి అన్నారు. రక్తం ఆరు పాయింట్లే ఉంది కాబట్టి కోలారులో చేయించుకోండి అన్నారు. ఇంటికొచ్చాక మా అత్త ముఖంలో ఒక వెలుగు చూశాను. "మంచిదేలే మ్మా. తీయించేస్తే ఇంగ బయట కూకునే పనే లేదు. నెలంతా లోపలుండొచ్చు" అంది. మా వీధిలో నా వయసు ఆడవాళ్ళలో గర్భసంచి ఉన్నది నా ఒక్కదానికే. వాళ్ళంతా నెలంతా లోపలే ఉన్నారు.

ముట్టయిన ఆడది పురుగులింట్లోకి పోకూడదు. పోతే పురుగులకు పాలరోగం పట్టి పంటంతా తట్టల్లోనే చస్తుందని నమ్మకం. అందుకే పురుగులింటి గోడ మీద క్యాలెండరులో మా అత్త నా రోజులకి బొగ్గుతో గీతలు గీస్తుంది. నెలకి మూడు. నాలుగో రోజు తలకి పోసుకుని లోపలికి. పద్నాలుగేళ్ళుగా మూడే గీతలు. పోయిన రాగి కోతలప్పటినుంచి నాకు నాలుగో రోజు ఆగలేదు. ఏడో రోజూ ఆగలేదు. పన్నెండు, ఒక్కోసారి పదిహేను. కానీ మా అత్త మోకాళ్ళతో తట్టలెత్తలేదు. మునిశంకర్‌కి తోట, ఆవులు, పాల సంఘం సెక్రటరీ పని. నేను పదిహేను రోజులు బయట కూర్చుంటే పంట ఎవరు చూస్తారు? నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. నేనే అడుక్కున్నాను, నేనే జవాబు చెప్పుకున్నాను. నాలుగో రోజు తలకి పోసుకుని, రెండు బట్టలు మడిచి పెట్టుకుని, గడప దాటాను.

ఆ మొదటి పంట రోజులు మర్చిపోలేను. పొద్దున లేవగానే చచ్చిన పురుగుల్ని వెతికేదాన్ని. ఒకటి కనబడితే అది నా వల్లే. ఒంట్లోంచి పోతున్న రక్తం కంటే ఆ చచ్చిన పురుగు నన్ను ఎక్కువ భయపెట్టేది. గూళ్ళు కట్టినాయి. తెల్లగా, గట్టిగా, ఊపితే లోపల పురుగు గలగలమంది. ఆ రోజు నాకు సంతోషం రాలేదు, కోపం వచ్చింది. పద్నాలుగేళ్ళు నేను మోసిన భయం నాది కాదు, అందులో ఏమీ లేదు. ఆ తర్వాత ఇంకో ఐదు పంటలు. నెత్తురు పోతూనే ఉంది, క్యాలెండరు మీద మూడు గీతలే పడుతున్నాయి.

బస్సులో మునిశంకర్ కిటికీ పక్కన కూర్చున్నాడు. నాకు మా అవ్వ ఆదిలక్ష్మమ్మ గుర్తొచ్చింది. మా పుట్టిల్లు కేజీఎఫ్‌లో గని కూలీల లైనిళ్ళు. తాత ఎల్లప్ప గనిలోకి దిగి రాతి దుమ్ము పీల్చి దగ్గేవాడు. ఆయన దగ్గుకి ఎక్స్‌రే ఉండేది, పేరు ఉండేది. ఆ దుమ్ము బట్టల్ని ముప్పై ఏళ్ళు దులిపి ఉతికిన అవ్వ కూడా దగ్గేది. డాక్టరు దగ్గరికి పోదాం రా అంటే, "నాకేమి రోగం మే? నేను గనిలోకి దిగినానా?" అని నవ్వేది. ఎవరో ఆమెను ఆపారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. బస్సు కుదుపుల్లో తట్టింది. ఆపడానికి ఎవరూ రానక్కరలేదు. అవ్వకి ఆ పని వచ్చు. నాకూ వచ్చు.

డాక్టరు పేరు పవిత్ర. నా కంటే చిన్నది. టేబులు ముందు ఒకే స్టూలు ఉంది. మునిశంకర్ దాని మీద కూర్చున్నాడు. నేను వెనక నిలబడ్డాను.

"ఏమప్పా, ఏం కంప్లైంటు?" అంది డాక్టరు.

"నాకేమీ లేదు మేడం, ఈమెకే. నేను చెప్తాను, ఈమెకి సరిగ్గా చెప్పేదానికి రాదు."

"నెలనెలా ఎన్ని రోజులు పోతుంది?"

"మూడే. మా ఇంట్లో లెక్క తప్పదు మేడం." మునిశంకర్ ఫోను తీశాడు. పురుగులింటి క్యాలెండరులో ఒక్కో నెలకీ ఫోటో తీసుకుని తెచ్చాడు. మా అత్త బొగ్గు గీతలు డాక్టరు ముందు ఒక్కొక్కటే జరిగిపోయాయి. మూడు. మూడు. మూడు. జాగ్రత్తగా తెచ్చాడు పాపం. అతని దృష్టిలో అంతకంటే నమ్మకమైన రికార్డు లేదు.

డాక్టరు స్కానింగు చూసింది, రక్తం రిపోర్టు చూసింది, మళ్ళీ ఫోను చూసింది.

"మూడు రోజులకి రక్తం ఆరుకి దిగదే! ఈ గడ్డ కూడా చిన్నది. మీ లెక్క నిజమైతే రక్తం ఇంకెక్కడో పోతోంది. అప్పుడు గర్భసంచి తీసినా ఈమెకి తగ్గదు."

"అట్లంటే ఆపరేషను లేదా మేడం? పురుగులు గూట్లోకి పోతాయి, మళ్ళా టైము దొరకదు..."

అతని గొంతులో గాభరా. నా ఒంట్లోంచి ఒక భాగాన్ని తీసే పని చేజారిపోతోందని. ఇప్పుడు నేను ఊరుకుంటే ఆ మూడు గీతలే నా చరిత్ర. చెప్తే ఆరు పంటల రహస్యం బయటపడుతుంది, ఇంటికి పోతే అత్త ఉంది. ఆ వెంటనే నవ్వులాంటిది వచ్చింది. పంటలు చావలేదు కదా. చావబోయింది నేను.

"పన్నెండు రోజులు మేడం. ఒక్కోసారి పదిహేను. గడ్డలు గడ్డలుగా పడతాది. రాగి కోతలప్పటినుంచి."

మునిశంకర్ స్టూలు మీదే వెనక్కి తిరిగాడు. "ఏమే? మరి నాలుగో దినం లోపలికి పోతాంటివే?"

"పోతాంటి."

"అట్లనేనా?"

"అట్లనే. ఆరు పంటలు, మామా. ఒక్క తట్టకైనా పాలరోగం వచ్చిందా చెప్పు."

పంటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నాడని కళ్ళు చూస్తే తెలుస్తోంది. "పోయిన పంట మన ఊళ్ళోనే ఫస్టు వచ్చె..." అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

డాక్టరు నవ్వు ఆపుకుంది. "పురుగుల పంచాయితీ బస్సులో పెట్టుకోండి. అప్పా, మీరు లేస్తారా? పేషెంటు కూర్చోవాలి."

అతను లేచాడు. నేను కూర్చున్నాను. ఆమె నన్ను చాలా అడిగింది. ఎన్ని బట్టలు మారుస్తాను, రాత్రి లేవాల్సి వస్తుందా, కడుపు నొప్పి ఎక్కడ మొదలవుతుంది. నా ఒంటి గురించి నాకు ఇంత తెలుసని చెప్తుంటేనే తెలిసింది. ఆగకుండా చెప్పాను. ముందు రక్తం ఎక్కిద్దాం, థైరాయిడ్ చూద్దాం, లోపలి పొర కొంచెం తీసి పరీక్షకి పంపుదాం, మందులతోనే ఆగొచ్చు, తీయాల్సి వస్తే అది ఆఖరి మాట అంది. "అప్పుడు కూడా తీయాలా వద్దా అని నేను అడిగేది మిమ్మల్ని."

"అమ్మకి ఏమి చెప్పేది?" అన్నాడు మునిశంకర్ గోడకి ఆనుకుని.

"నేను చెప్తాలే. పదైదు గీతలు గీయమని చెప్తా. రక్తం పట్టేదాకా తట్టలెత్తేది నువ్వే."

డాక్టరు కేసు కాగితం నా ముందుకి తోసి సంతకం చేయమంది. నేను పదో తరగతి దాకా చదివాను, కింది దాకా చదివాను. మేము లోపలికి రాకముందే నర్సు నింపిన వరుస ఒకటి ఉంది. వివరాలు చెప్పిన వారు: భర్త.

పెన్ను తీసుకుని ఆ మాటని అడ్డంగా ఒక్క గీతతో కొట్టేసి, పక్కన నా పేరు రాశాను.